నచ్చినట్టు ధ్రువీకరించడమైనది

అయినా ఒక మనిషి తనకు నచ్చిన పుస్తకం ఏదో ఇంకో మనిషికి చెప్పడంలో ఉన్న ప్రమాదాన్ని లోకంలో అందరికంటే ముందు గుర్తించింది తమ యూనివర్సిటీయేనని, గుర్తించిన వెంటనే దానికొక ఉపసంఘం కూడా వేసిందని, ఇందుకు దేశం ఎప్పటికైనా కృతజ్ఞత చెప్పుకోవలసి ఉంటుందని అనుకుంటూ నాగేంద్ర తార్నాకలో తన అద్దె గదికి తాళం వేశాడు. వేసి, లాగి చూశాడు. లోపల దొంగలు ఎత్తుకుపోయేదేమీ లేదు. కానీ అతను పనిచేసేది యూనివర్సిటీ లైబ్రరీలో, కౌంటరు దగ్గర. లోపల ఉన్నదాని కంటే తాళం ముఖ్యమని అక్కడ నేర్పుతారు.

దాని పేరు వ్యక్తిగత సిఫారసుల ఉపసంఘం. 1968లో పుట్టింది. ("వ్యక్తిగత" అన్న మాటకు అర్థం తేల్చడానికి ఇంకో ఉపసంఘం వేశారు. అది ఇంకా కూర్చోలేదు. కుర్చీలు రావాలి.) సిబ్బందిలో ప్రతి ఒక్కరూ ఈ ఏడు తమ మనసుకు నచ్చిన పుస్తకం ఒకటి విద్యార్థులకు సిఫారసు చేయాలని సర్క్యులర్ వచ్చింది. మనసుకు నచ్చిన సంగతి పై అధికారి ద్వారా పంపాలి. పూర్తిగా చదివినట్టు ధ్రువీకరించాలి. డ్యూటీలో ఉండగా చదివి ఉండకూడదు. సిబ్బంది పుస్తకాలు ఇంటికి తీసుకుపోవడం ఎలాగూ నిషిద్ధం కనుక ఇంటి దగ్గరా చదివి ఉండకూడదు. మరి ఎక్కడ చదివారన్నది ఉద్యోగి మనస్సాక్షికి వదిలేశారు. (యూనివర్సిటీ ఉద్యోగి మనస్సాక్షికి వదిలిన విషయం ఇంతవరకు ఇదొక్కటే.)

నాగేంద్ర ఒక పేరు రాసిచ్చాడు. (ఆ పేరు ఇక్కడ చెప్పడం లేదు. నాగేంద్రకు ఇష్టం లేదు.) సన్నటి పుస్తకం. వానాకాలమంతా గదిలో ఒక్కడే ఉంటూ, గోడ అవతలి మనిషి దగ్గు వింటూ బతికిన ఒకాయన కథ. అనంతపురం నుంచి వచ్చిన కొత్తలో అరల మధ్య నిలబడి దాన్ని చదివాడు. తన గురించి తనకు తెలియకుండా ఎవరో పైవాళ్ళకు పంపిన రిపోర్టులా ఉంది. అలాంటి పుస్తకం నచ్చిందని చెప్పడమంటే నలుగురిలో చొక్కా విప్పి నిలబడటమే. అయినా పేరు రాశాడు. ఆ పుస్తకం ఎవరికీ దొరకదని అతనికి తెలుసు. దాచింది తనే.

నిరుడు ఒక మధ్యాహ్నం ఎం.ఏ. చదివే బాలలక్ష్మి అనే అమ్మాయి రీడింగ్ రూములో కూర్చుని ఆ పుస్తకం చదువుతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అందులో నవ్వు ఉన్నట్టు నాగేంద్రకు తెలియదు. తన జబ్బు కాగితం ఎవరో తీసి చదివి నవ్వినట్టయింది. ఆమె సగంలో బల్ల మీద పెట్టి వెళ్ళగానే తీసుకుపోయి, పై అంతస్తులో ఎవరూ చెయ్యి పెట్టని అరలో, ఇటుకల తయారీ గ్రంథాల వెనక పెట్టాడు. పరీక్షల ముందు విద్యార్థులు పాఠ్యపుస్తకాలను వేరే శాస్త్రాల అరల్లో దాచుకుంటారు. సిబ్బంది తరఫున ఆ పద్ధతిని పాటించిన మొదటివాడు నాగేంద్ర. ఆ తరువాత ఆమె ఎప్పుడు అడిగినా పుస్తకం బైండింగుకు పోయింది.

తాళం వేసి లైబ్రరీకి వచ్చిన ఆ ఉదయం సోమయాజులు పిలిచాడు. ఆయన అసిస్టెంట్ లైబ్రేరియన్, ఉపసంఘానికి కార్యదర్శి.

"ఏమయ్యా నాగేంద్రా, ఏమిటిది?"

"నాకు నచ్చిన పుస్తకం సార్."

"నచ్చడానికి ముందు అది ఉండాలి కదయ్యా! మొన్న స్టాక్ తనిఖీలో కనపడలేదు. కనపడనిదాన్ని జాబితాలోంచి కొట్టేశాం. కాబట్టి లేదు."

"ఎక్కడో ఉంటుంది సార్."

"ఎక్కడో ఉన్న పుస్తకం లైబ్రరీలో లేనట్టే. లేనిది నచ్చిందని నువ్వు సంతకం పెడితే, రేపు ఆడిట్ వాళ్ళొచ్చి అడిగేది నన్ను. మీవాడికి ఏం నచ్చింది, చూపించండి అంటారు. ఏం చూపించను, నిన్నా?"

నాగేంద్ర తల దించుకున్నాడు. సోమయాజులు మెత్తబడ్డాడు.

"చూడు, సిఫారసు చేస్తే జనం అడుగుతారు. అడిగితే అరలోంచి తియ్యాలి. తీస్తే చినుగుతుంది. అంచేత ఎవరూ అడగని పుస్తకం కావాలని ఉపసంఘం తీర్మానించింది. వెతగ్గా వెతగ్గా ఇటుకల తయారీ దొరికింది. ఎవరో దాత ఇచ్చినవి, బోలెడు ప్రతులు. వచ్చిననాటి నుంచీ ఒక్కడు ముట్టుకుంటే ఒట్టు! సిబ్బంది అందరికీ అదే నచ్చింది. నీకూ నచ్చింది. ఎందుకు నచ్చిందో మాత్రం నీ ఇష్టం, అది వ్యక్తిగతం."

నాగేంద్ర కొంచెం ఆలోచించి, కారణం గడిలో "గట్టిగా ఉంది" అని రాశాడు.

"బాగుంది. హృదయం నుంచి వచ్చింది," అన్నాడు సోమయాజులు. "ఉప్పలయ్యను పంపాను. ఆ అర మొత్తం దింపించి గుమ్మం దగ్గర ప్రదర్శనకు పెట్టిస్తున్నా."

నాగేంద్ర మెట్లు రెండేసి ఎక్కాడు. ఎక్కుతుంటే అతన్ని బాధించింది దొరికిపోతానన్న భయం కాదు. ఏ పుస్తకాల జోలికి ఎవరూ రారో కనిపెట్టడానికి తను నిద్ర చెడగొట్టుకుని చేసిన ఆలోచననే ఉపసంఘం బిస్కెట్లు తింటూ చేసింది. తన లోపల ఎవరికీ తెలియని మనిషి ఒకడున్నాడని అతని నమ్మకం. ఆ మనిషి ఉపసంఘంలో సభ్యుడని ఇప్పుడు తెలిసింది.

అటెండరు ఉప్పలయ్య అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. అర సగం ఖాళీ అయింది.

"ఏం ఉప్పలయ్యా, నువ్వూ రాసిచ్చినావా?" అన్నాడు నాగేంద్ర, రొప్పు కనపడనీయకుండా.

"ఇచ్చిన సారూ. ఏలు ముద్రేసిన."

"చదివినావా?"

"సదువుడెక్కడిది? మోసిన. గీ బుక్కు గురించి నాకంటె ఎక్కువ ఎవలకు ఎరుక? నడుము పట్టుకుంటది." ఉప్పలయ్య అరలోకి చెయ్యి పెట్టి ఆగాడు. "అరె! ఇటుకల ఎనక పిల్ల ఇటుక దొరికింది. ఇదెవలది సారూ, మీదా?"

నాగేంద్ర చెయ్యి చాపాడు. పుస్తకం తీసుకుని కిందికి దిగాడు. దాన్ని ఇంకెక్కడ దాచాలా అని అరలన్నీ మనసులో తిరిగి వచ్చేసరికి కౌంటరు దగ్గర బాలలక్ష్మి నిలబడి ఉంది. పుస్తకం బల్ల కింద పెట్టాడు.

"నమస్తే సార్. నో డ్యూస్ మీద సంతకం కావాలె."

లైబ్రరీతో తనకు ఏ సంబంధమూ మిగల్లేదని రుజువు చేసుకుంటేనే యూనివర్సిటీ విద్యావంతురాలని పట్టా ఇస్తుంది. ఆ సంతకం పడ్డాక ఇక ఏ పుస్తకమూ ఇవ్వకూడదు. నాగేంద్ర సంతకం పెట్టాడు. ఆమె కాగితం మడిచింది గానీ కదల్లేదు.

"గా బుక్కు ఇంకా రాలేదా సార్? గా బైండింగాయన కుట్టుడు ఇప్పుడే నేర్చుకుంటున్నడా ఏంది?"

"ఇంగా రాలేదమ్మా."

"నేను ఎల్లుండి పోతున్న. మా ఊరి దిక్కు బడిల నౌకరి వచ్చింది. గాడ బుక్కులు దొరకయి. ఒక్కటి చెప్పుర్రి చాలు. గాయన ఆఖర్కి పోయి పక్క గది తలుపు కొడ్తడా, కొట్టడా?"

"నేను చదివినానని ఎవరు చెప్పినారు?"

"ఎన్నడొచ్చినా నేను పేరు చెప్పకముందే బైండింగంటిరి. సదవనోళ్ళకు పేరెట్ల యాదికుంటది సార్?"

నాగేంద్ర సిరాబుడ్డి మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఆ పొద్దు నవ్వినావే. ఎక్కడ?"

"గాడనే సార్! పక్కాయన దగ్గు చూస్కోని గడియారం దిద్దుకుంటడు కద. ఒకనాడు ఆయన దగ్గకపోతే, పొద్దు పోలేదనుకోని పండుకోకుండ కూసుంటడు. పిచ్చి మారాజు! నవ్వు రాదా?"

తార్నాక గదిలో గోడ అవతల ఒక పెన్షనుదారు ఉన్నాడు. ఆయన దగ్గితే గాని నాగేంద్ర దీపం ఆర్పడు. ఆ పేజీ దగ్గర ప్రతిసారీ అతనికి కళ్ళు చెమర్చేవి. ఇప్పుడు గొంతులో ఏదో కదిలింది. నవ్వే అనుకున్నాడు. బయటికి దగ్గుగా వచ్చింది.

అతను బల్ల కింది నుంచి పుస్తకం తీశాడు. అలవాటుగా తేదీ ముద్ర చేతిలోకి తీసుకుని, ఎక్కడ వెయ్యాలో తెలియక పక్కన పెట్టాడు. పుస్తకాన్ని ఆమె వైపు జరిపాడు.

ఆమె దాన్ని చూసి, అతన్ని చూసింది. "నో డ్యూస్ అయిపాయె కద సార్. మళ్ల ఎప్పుడు తెచ్చియ్యాలె?"

"ఇది మా దగ్గర లేదమ్మా. లేనిదాన్ని ఎట్లా వాపసు తీసుకుంటాం?"

ఆమె గుమ్మం దగ్గర పేర్చిన ఇటుకల గ్రంథాలను చుట్టుకుని, అప్పుడే పుస్తకం తెరిచి చదువుకుంటూ బయటికి నడిచింది.

సాయంత్రం ఉపసంఘం నివేదిక సిద్ధమైంది. వ్యక్తిగత సిఫారసు వల్ల ఈ రోజు లైబ్రరీ నుంచి బయటికి వెళ్ళిన పుస్తకాలు: ఏమీ లేవు. నాగేంద్ర ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, సరిగానే ఉందని సంతకం పెట్టాడు.