పైపు గంగమ్మ

మా ఇంట్లో ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకోవడం నేరం. ఆపైన మెళ్లో కెమెరా కూడా ఉంటే ఇక విచారణే.

"ఎవరామె?" అంది మా ఆవిడ ఛాయాదేవి, కాఫీ గ్లాసు నాకివ్వకుండా తనే పట్టుకుని.

"ఎవరూ లేరు. ఫైర్ హైడ్రెంట్ ఫోటో తీసేదానికి పోతా ఉండా."

"అంటే?"

"రోడ్డు పక్కన ఎర్ర రంగేసిన పొట్టి ఇనప కంబం ఉంటాది చూడు. యాడన్నా అంటుకుంటే ఫైరింజనోళ్లు దానికి గొట్టం తగిలించి నీళ్లు కొడతారు. అది."

"ఇనప కంబం కాడికి సెంటు పూసుకుని పోతారా?"

అది సెంటు కాదు, గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్. కానీ అనుమానం దూరిన ఇంట్లో లోషన్ కూడా సెంటు వాసనే కొడుతుంది.

అసలు సంగతి వినండి. ఇది తొంభై ఎనిమిది నాటి మాట. మా కెమెరా క్లబ్బువాళ్లు ఎగ్జిబిషన్ పెడుతున్నారు. నేను కంటోన్మెంటంతా తిరిగి హైడ్రెంట్లు తీశాను. మా నగర్తపేట సందులో ఉన్న పాతదొక్కటే మిగిలింది. అది ఉంటేనే గోడ మీద చోటిస్తామన్నారు. ఎలక్షన్లో నిలబడకుండా నా పేరు గోడకెక్కే అవకాశం జన్మలో అదొక్కటే.

చిక్కల్లా ఆ హైడ్రెంటుకి అల్యూమినియం బిందెలు వేలాడదీసే పాత్రల అంగడి తిమ్మరాయప్పతో వచ్చింది. వీధిలో ఆయన్ని అనుమానాల తిమ్మరాయప్ప అంటారు. చిల్లర ఇస్తే నాణేన్ని రెండు వైపులా చూసి గానీ గల్లాలో వేయడు.

"ఆ బిందెలు కొంచెం తీస్తారా?" అన్నాను.

"ఏమిటికప్పా?"

నిజం చెబితే నవ్వుతాడు. అందుకని మొహం గంభీరంగా పెట్టి, హైడ్రెంట్ చుట్టూ ఒకసారి తిరిగి, "పైనుంచి చెప్పినారు" అన్నాను.

బిందెలు గబగబా దిగాయి. కానీ ఆ సందులో ఎండ పడేదే కాసేపు. బిందెలు దిగేలోపు అది కాస్తా పోయింది. రీల్లో ఒక్క ఫోటోకే చోటుంది, నీడలో తీసి పాడుచేయడం ఎందుకని "రేపు వస్తా" అన్నాను. ఆ రెండు ముక్కలే నా కొంప ముంచాయి.

సాయంత్రానికల్లా వీధి వీధంతా మా ఇంట్లో ఉంది. తిమ్మరాయప్ప చేతిలో కజ్జికాయల డబ్బా.

"అమ్మా, మీ ఇంటాయన పైనోళ్లు చెప్పినారని రోడ్డు వెడల్పు పనికి ఫోటోలు తీస్తా ఉండాడు," అన్నాడు మా ఆవిడతో. "ముందు ఫోటో, ఆమీన గోడకి ఎర్ర గీత, ఆమీన జేసీబీ. మాకు తెలీదా? మా అంగళ్లు పోతే మేం యాడికి పోవల్ల?"

ఛాయాదేవి నా వైపు చూసింది. నాకు వేరే ఆడమనిషెవరూ లేరని ఆమెకి ఆ క్షణంలోనే నమ్మకం కుదిరింది. ఇంత తెలివితక్కువవాణ్ణి ఇంకెవరు భరిస్తారు? సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు.

"పాపం, ఆయన చేతిలో ఏముండాది అన్నా, పైనోళ్ల ఆర్డరు," అంది చల్లగా. "అయినా బేజారు పడొద్దండి. సామి ఉండే తావున ఎవరైనా తవ్వుతారా?"

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి హైడ్రెంట్ లేదు. అంటే ఉంది. ఒళ్లంతా పసుపు, పైన కుంకుమ బొట్లు, ఇరువైపులా వెండి కళ్లు, నడుముకి ఆకుపచ్చ రవికెగుడ్డ. చుట్టూ వేపాకు తోరణం. పేరు కూడా పెట్టేశారు, పైపు గంగమ్మ.

"ఇది నిప్పార్పే..." అని మొదలుపెట్టాను.

"చెప్పండి," అంది నాకంటే ముందే వచ్చిన మా ఆవిడ, చెవి దగ్గర మెల్లగా. "మిమ్మల్ని పంపిన పైనోళ్లు ఎవరో కూడా చెప్పండి. తిమ్మరాయప్ప ఈడే ఉండాడు."

నేను కళ్లు మూసుకుని దండం పెట్టాను.

"ప్రతి ఆదివారం పొద్దున అమ్మోరికి నీళ్లు పోసేది మా ఇంటాయనే," అని ఆమె వీధికంతా మాటిచ్చేసింది. నా ఆదివారాలన్నీ ఆ ఒక్క ముక్కతో బిందెలో పడ్డాయి.

ఇంతలో సందులోకి ఎండ వచ్చింది. పసుపైనా పర్వాలేదు, ఇనుము ఇనుమే అనుకుని కెమెరా ఎత్తాను. ఛాయాదేవి కొంగు సర్దుకుని వచ్చి హైడ్రెంట్‌కి సరిగ్గా ముందు నిలబడింది.

"కొంచెం జరుగు."

"ఊరి కంబాలన్నిటికీ తీసినారు కదా. పెళ్లయినప్పటినుంచి నాకొకటన్నా తీసినారా?"

నిజంగానే ఒక్కటీ తీయలేదు. సిగ్గేసింది. బటన్ నొక్కాను.

ఆ ఫోటోనే క్లబ్బుకిచ్చాను, ఇంకేముంది ఇవ్వడానికి? వాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో హైడ్రెంట్ ఎక్కడండీ?" అన్నారు.

"మా ఆవిడ వెనకాల ఉంది," అన్నాను.

"మరి మీరో?" అన్నాడొకాయన.

"నేనూ అక్కడే ఉన్నానండి," అన్నాను.