కోపం ఉన్నట్టు రుజువు

మనిషికి కోపం రావడం సహజమే గానీ, వచ్చిన కోపం నిలిచి ఉందా లేదా అన్నది మాత్రం ప్రభుత్వం చూసుకోవలసిన విషయం. ఈ సంగతిని అందరికన్నా ముందు కనిపెట్టింది నకిలీ కోపాల నివారణ శాఖ. పాలల్లో నీళ్ళు కలిపితే పట్టుకునేవాళ్ళున్నారు, పప్పులో రాళ్ళు కలిపితే పట్టుకునేవాళ్ళున్నారు, పాటలో లేని కోపం కలిపి జనానికి అంటగడుతుంటే అడిగే నాథుడేడీ అని ఒక పెద్దాఫీసరు సమావేశంలో కన్నీళ్ళు పెట్టుకున్నాడట. (ఆ కన్నీళ్ళు అసలైనవే. వాటిని పరీక్షించే శాఖ వేరే ఉంది.) అప్పట్నుంచీ కోపంతో పాడిన ఏ ఆల్బమ్ అయినా పాటల యాప్‌లోకి ఎక్కాలంటే, పాడినవాడికి ఆ కోపం ఇంకా ఉందని పత్రం కావాలి. పింఛను తీసుకునే పెద్దాయన ఏడాదికోసారి వెళ్ళి తాను బతికే ఉన్నానని చూపించుకోవడం లేదూ? అలాగే కోపగాయకుడు వెళ్ళి తాను మండుతూనే ఉన్నానని చూపించుకోవాలి.

తుప్పు అనే పంక్ రాక్ బ్యాండుకి ఈ కబురు దాని ముప్పై ఒకటో ఏట అందింది.

తుప్పు అండర్‌గ్రౌండ్ బ్యాండు. అంటే పోస్టరు ఉండదు, టీవీలో కనపడదు, తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళకి పక్కవీధిలో ఏదో మిషను చెడిపోయినట్టు వినపడుతుంది. బ్యాండులో ముగ్గురు. పాడేవాడి పేరు గరుకు. పగలు వెల్డింగ్ షాపు నడుపుతాడు, సాయంత్రం అదే షాపు షట్టరు దించి గొంతు చించుకుంటాడు. గిటారు వాయించే తీగమావకి జిరాక్సు షాపుంది. డ్రమ్స్ కొట్టే డబ్బా స్కూలు బస్సు తోలతాడు. (బేస్ గిటారు వాయించేవాడు పన్నెండేళ్ళ క్రితం టీ తాగొస్తానని వెళ్ళాడు. ఇంకా తాగుతున్నాడు.)

కొత్త ఆల్బమ్ పేరు "వరుసలో నిలబడం". పదకొండు పాటలు, మొత్తం కలిపి పద్నాలుగు నిమిషాలు. పేరు పెట్టిన పాట నలభై ఎనిమిది సెకన్లు. అందులో గరుకు ఆ రెండు మాటల్నీ పందొమ్మిదిసార్లు అరుస్తాడు. ఇరవయ్యోసారి అరవబోయి దగ్గుతాడు. ఆ దగ్గు కూడా రికార్డయింది. బాగుందని ఉంచేశారు.

ఆ దగ్గుతోనే వచ్చింది చిక్కు. డాక్టరమ్మ గొంతులోకి లైటు వేసి చూసి, "రెండు కాయలున్నాయి. ఇరవయ్యో తారీకున తీసేద్దాం. ఈ తేదీ పోతే మళ్ళీ ఎనిమిది నెలలకి గానీ ఖాళీ లేదు, అప్పటికి మీకు గొంతే ఉండదు," అంది.

"తీసేస్తే?"

"తీసేస్తే తేనె! ఈ గరగరంతా పోతుంది. ఏం భయపడకండి."

గరుకు భయపడింది సరిగ్గా దానికే. ముప్పై ఏళ్ళు పొగ పీల్చి, దుమ్ము మింగి, మైకులు పగలగొట్టి సంపాదించుకున్న గరగర అది. భార్య మాత్రం ఫోన్లో అక్కకి చెప్పుకుని మురిసిపోయింది. "ఇన్నాళ్ళూ ఆయన చారు పొయ్యమంటే పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకొచ్చేవాళ్ళక్కా. ఇక ఆ బాధ లేదు."

పోయే గొంతు ఎటూ పోతుంది, ఆల్బమ్ అయినా ఆ గొంతుతో మిగలాలి. అదొక్కటే గరుకు కోరిక. కానీ రూలు ప్రకారం పరీక్షలో అరిచిన గొంతూ ఆల్బమ్‌లో అరిచిన గొంతూ ఒకటే కావాలి. కాబట్టి ఇరవైలోపు పత్రం రావాలి. వాళ్ళకి ఈ సంగతి తెలిసింది ఎనిమిదో తారీకున.

దరఖాస్తు తీగమావ షాపులో కూర్చుని నింపారు. కోపం పుట్టిన తేదీ. కోపం శాశ్వత చిరునామా. కోపానికి కారణం (ఒక్కటే ఎంచుకోవలెను). ఆ జాబితాలో ఇల్లు, ఎండ, బావమరిది, ఇతరములు అని నాలుగున్నాయి.

"వ్యవస్థ అని లేదేంట్రా?" అన్నాడు గరుకు.

"ఇతరములు నొక్కితే వివరించమంటోంది. ఇరవై అక్షరాలు దాటకూడదట," అన్నాడు తీగమావ.

"మరి?"

"బావమరిది నొక్కేశా."

"ఒరేయ్, నాకు బావమరిదే లేడు కదరా!"

"లేడన్న కోపం ఉంది కదా. ఊరుకో."

పరీక్ష పద్దెనిమిదో తారీకున పడింది. కోపాన్ని ఇక్కడ సెగల్లో కొలుస్తారు. వందకి ముప్పై అయిదు సెగలు వస్తే పాసు. గరుకుది మామూలుగా ముక్కు మీద కోపమే గానీ, అది ఆ రోజు ఆ వేళకి ఉంటుందో ఉండదో అని అందరికీ గుబులు. అందుకని ఆ ఉదయం ఇంటిల్లిపాదీ తలో చెయ్యీ వేశారు. భార్య కూరలో ఉప్పు రెండింతలు వేసి, కళ్ళజోడు బియ్యం డబ్బాలో దాచింది. కూతురు ఫోనుచేసి, "నాన్నా, మా ఆయన మీ పాటలు చాలా ప్రశాంతంగా ఉంటాయన్నాడు," అని చెప్పి పెట్టేసింది. దారిలో డబ్బా రెండుసార్లు కాలు తొక్కాడు. శాఖ గేటు దగ్గరికొచ్చేసరికి గరుకు అరికాలి మంట నెత్తికెక్కి, చెవుల్లోంచి బయటికొస్తోంది.

"బాగుందన్నా, ఇలాగే పట్టుకో. ఎవరితోనూ మాట్లాడకు, చల్లారిపోతుంది," అన్నాడు డబ్బా, నిండు బిందె మోస్తున్నవాడికి చెప్పినట్టు.

లోపల హాలు నిండా వరుస. ముగ్గురూ ఆల్బమ్ పేరు అచ్చేయించిన నల్ల చొక్కాలు వేసుకుని వరుసలో నిలబడ్డారు. నాలుగు గంటలు నిలబడ్డారు. వెనకాల నిలబడ్డ కుర్రగాయని ఆ చొక్కా చదివి, "బాబాయ్, వరుసలో నిలబడం అని రాసుంది. మరి నిలబడకపోతే నేను ముందుకెళ్ళొచ్చా?" అంది.

"జరిగావంటే కాళ్ళిరగ్గొడతా! పొద్దున ఎనిమిదింటికొచ్చా నేను!"

"ఇది కూడా బాగుందన్నా," అన్నాడు డబ్బా సంతోషంగా.

గరుకు నంబరు పిలిచేసరికి అతని మొహం కాగిన పెనంలా ఉంది. పరీక్ష గది తలుపు కాలితో తోసి లోపలికెళ్ళాడు. బల్ల వెనక కొలత గుమాస్తా కూర్చుని ఉన్నాడు. తల పండింది, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు, పక్కన కోపం కొలిచే మిషను. గరుకుని చూడగానే లేచి నిలబడ్డాడు.

"అన్నా! మీరా! రండన్నా, కూర్చోండి."

గరుకు వెనక్కి తిరిగి చూశాడు. ఇంకెవరినో అంటున్నాడనుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ బతుకులో ఆఫీసులో అతన్ని కూర్చోమన్నవాళ్ళు లేరు.

"ఇరవై ఆరేళ్ళ కిందట, టైరు గోడౌన్లో మీరు పాడినప్పుడు నేను ముందు వరుసలో ఉన్నానన్నా. మీ మైకు స్టాండు తగిలింది, ఇదిగో ఈ పన్ను. ఇప్పటికీ కట్టించుకోలేదు. గుర్తుగా ఉంచుకున్నా." గుమాస్తా నోరు తెరిచి ఆ ఖాళీ చూపించాడు. ఫ్యాను గరుకు వైపు తిప్పాడు. "గొంతెలా ఉందన్నా? దరఖాస్తులో చూశాను, ఆపరేషనని. వేడి టీ చెప్పాను. అల్లం కాస్త ఎక్కువ వెయ్యమన్నాను."

కుర్చీకి దిండుంది. టీ వచ్చింది. గరుకు తాగాడు. కడుపులో నాలుగు గంటలుగా కుతకుతలాడుతున్నదేదో పాలపొంగు మీద నీళ్ళు చిలకరించినట్టు దిగిపోయింది. తలుపు సందులోంచి చూస్తున్న డబ్బా నెత్తి కొట్టుకున్నాడు.

"ఇప్పుడు కోపపడండన్నా," అన్నాడు గుమాస్తా ఆప్యాయంగా, మైకు ముందుకి జరిపి.

గరుకు కళ్ళు మూసుకున్నాడు. బావమరిదిని తలుచుకున్నాడు. లేడాయె. అల్లుణ్ణి తలుచుకున్నాడు. పాపం మంచివాడు, వాన పడితే తనే వచ్చి షాపు రేకులు సర్దుతాడు. మొత్తానికి ఒక అరుపు అరిచాడు. ఆ అరుపులో అల్లం వాసన వచ్చింది.

మిషను ముప్పై రెండు చూపించింది.

"అయ్యో, మూడు సెగల్లో పోయిందన్నా," అన్నాడు గుమాస్తా. అతని కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "మళ్ళీ పరీక్ష నలభై అయిదు రోజులకి."

"నలభై అయిదా? ఎల్లుండి నా గొంతు కోస్తారయ్యా! నలభై అయిదు రోజులకి ఈ గొంతెక్కడుంటుంది? ఏ డబ్బాలో దాచిపెట్టుకొచ్చి నీ ముందు అరవమంటావ్!"

ఆ అరుపుకి కిటికీ అద్దం వణికింది. హాల్లో వరుస మొత్తం ఇటు తిరిగింది. మిషను ముల్లు తొంభై నాలుగు దగ్గర కొట్టుకుని ఆగింది.

"అబ్బ!" అన్నాడు గుమాస్తా, గుండె మీద చెయ్యేసుకుని. "అదే గొంతు. అదే గోడౌను. కానీ పరీక్ష ముగిశాక వచ్చిన కోపం లెక్కలోకి రాదన్నా. దాన్ని ఫలితం మీద అసంతృప్తి అంటారు. అది అందరికీ ఉండేదే, అందులో కళేముంది?"

ఇరవయ్యో తారీకున ఆపరేషను జరిగింది. పదిహేను రోజులు మాట్లాడకూడదన్నారు. పదహారో రోజు గరుకు మొదటిసారి నోరు తెరిచి "మంచినీళ్ళు" అన్నాడు. భార్య చేతిలో చెంబు జారిపోయింది. ఎక్కడో దూరంగా ఎవరో వేణువు వాయించినట్టుంది. డబ్బా ఫోను చేసి ఆ గొంతు విని, "నమస్తే అమ్మా, అన్న లేడా?" అన్నాడు. వీధిలో వాళ్ళు పనులు మానుకుని వచ్చి ఏదో ఒకటి మాట్లాడించి వెళ్ళారు. గరుకు వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇంకోసారి తిట్టమన్నారు.

నలభై అయిదో రోజున మళ్ళీ వరుసలో నిలబడి, మళ్ళీ ఆ గదిలోకెళ్ళాడు. ఈసారి టీ వద్దన్నాడు, కుర్చీ తన్నేశాడు, ఫ్యాను ఆపించాడు. నెలన్నరగా కూడబెట్టిన మంటంతా పోసి, నరాలు తెగేలా అరిచాడు. మిషను కాసేపు ఆలోచించి చీటీ వదిలింది. సెగలు: సున్నా. గుర్తించిన భావం: కృతజ్ఞత. కింద చిన్నక్షరాల్లో ఇంకో ముక్క: ఆల్బమ్‌లోని గొంతు దరఖాస్తుదారుడిది కాదు.

గరుకు ఆ చీటీ పట్టుకుని, ఇందాక తన్నేసిన కుర్చీని తనే నిలబెట్టుకుని కూర్చున్నాడు. "అది నేనేనయ్యా," అన్నాడు. ఆ మాట కూడా ఎంత తియ్యగా వచ్చిందంటే, అతనికే నమ్మబుద్ధి కాలేదు.

గుమాస్తా బయటున్న తీగమావనీ డబ్బానీ లోపలికి పిలిచి, తలుపు వేసి, గొంతు తగ్గించాడు. "రెండు దారులున్నాయన్నా. ఒకటి, మీరు చనిపోవడం. స్వర్గస్థుల కోపానికి పరీక్ష లేదు, నేరుగా యాప్‌లోకి ఎక్కుతుంది."

"పాత గొంతు పోయింది కదా, అది చాలదా?" అన్నాడు తీగమావ ఆశగా.

"గొంతొక్కటే పోయినట్టు రాసే ఫారం లేదు. మనిషంతా పోవాలి."

"రెండోది చెప్పండి ముందు," అన్నాడు డబ్బా.

"శాఖకి సహకరించిన కళాకారులకి పరీక్ష మినహాయింపు. జీవితకాల పత్రమే ఇస్తారు. అన్ని ఆఫీసుల్లోనూ మైకులో వినిపించడానికి మా పెద్దసారు ఏడాదిగా ఒక మంచి గొంతు కోసం వెతుకుతున్నారు. అన్న గొంతు విన్నాక..." గుమాస్తా కాగితం ముందుకి జరిపాడు. "ఒకే ఒక్క వాక్యమన్నా. మీకు ఇబ్బందిగా ఉంటే వద్దు. నిజంగా వద్దు. మీ మనసు నొచ్చుకుంటే నేను తట్టుకోలేను."

గరుకు కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. మూడు మాటలున్న కాగితానికి అది చాలా ఎక్కువసేపు.

"ఒక్క వాక్యమేగదన్నా," అన్నాడు డబ్బా నేల చూస్తూ. "అటు పదకొండు పాటలు. అందులో నీ దగ్గు కూడా ఉంది."

ఆల్బమ్‌లో ఒక్కో పాటనీ నలభైసార్లు రికార్డు చెయ్యాల్సొచ్చింది. ఇది ఒక్కసారికే ఓకే అయింది.

"వరుసలో నిలబడం" మర్నాడే విడుదలైంది. ఇప్పటికి రెండు వందల పన్నెండుమంది విన్నారు. వాళ్ళలో గుమాస్తా ఒక్కడే నూట నలభైసార్లు విన్నాడు. (యాప్ విన్నవాళ్ళని కాదు, విన్నసార్లని లెక్కపెడుతుంది.) వెల్డింగ్ షాపు గోడకి ఫ్రేము కట్టిన పత్రం వేలాడుతోంది: ఈ వ్యక్తి జీవితాంతం కోపంగా ఉన్నట్టు పరిగణించడమైనది, ఇకపై రుజువు చూపనక్కరలేదు.

మొన్న గరుకు షాపు లైసెన్సు కొత్తది చేయించుకోవడానికి వేరే ఆఫీసుకెళ్ళాడు. నూటపాతికమంది ఉన్నారు. నిలబడీ నిలబడీ కాళ్ళు పీకి, గోడకి ఆనుకుందామని రెండడుగులు పక్కకి జరిగాడు. అప్పుడే కప్పులోని మైకులోంచి తేనె ధారకట్టినట్టు వినపడింది.

"దయచేసి వరుసలో నిలబడండి."

ముందున్న పెద్దాయన నడుం నిటారు చేసుకున్నాడు. అటూ ఇటూ తిరుగుతున్నవాళ్ళు నవ్వుకుంటూ వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు. గరుకు కూడా వెనక్కొచ్చి తన చోట్లో నిలబడ్డాడు. అంత మర్యాదగా చెప్పాక కాదనడం అతనికెప్పుడూ చేతకాలేదు.