ఇంటింటా సముద్రం

చుట్టూ సముద్రం ఉన్న పోర్ట్ బ్లెయిర్ ప్రజలకు సముద్రాన్ని పరిచయం చేయాలని అభివృద్ధి మండలి చైర్మన్ ప్రదీప్ గారు నిర్ణయించారు. పథకం పేరు 'ఇంటింటా సముద్రం'. పగడాన్ని ముట్టుకుంటే కేసవుతుంది గనుక పగడాలు లేని పగడాల ట్యాంకులు పంచుతామని ఆయన ప్రకటించినప్పుడు, లంబాలైన్ పేట హాల్లో చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

నమూనాకు ఒక ట్యాంకు కావాలి. అది ప్రోతరాపూర్‌లో పుష్పవతి ఇంట్లో దొరికింది. ఆమె భర్త జీవరాజు పెంచినది: కొన్ని రాళ్లు, వాటి మీద గులాబీ రంగు పాచి, రెండు నారింజ చేపలు. జీవరాజు పోయి రెండు నెలలైంది. సమాధి దగ్గర అందరికంటే పెద్ద దండ వేసింది చైర్మన్ గారే.

"ఒక్క రోజుకే దీదీ. సాయంత్రానికి మీ చేపలు మీ ఇంట్లో ఉంటాయి, పక్కా!" అన్నారాయన.

"నీళ్లు జాగ్రత్త సార్. కాల్షియం మందు పొద్దున్న పొయ్యాలి, సోడా మందు సాయంత్రం. రెండూ కలిపి పొయ్యకూడదు. మా ఆయన ఎప్పుడూ అలా పొయ్యనిచ్చేవారు కాదు."

"అరే, బ్యాలెన్స్ గురించి మాకు చెప్తారా దీదీ! మా మండలి నడిచేదే దాని మీద."

ప్రారంభోత్సవానికి కాల్షియం సీసా కాంట్రాక్టర్ అసిరయ్య తెచ్చాడు. సోడా సీసా షాపు ధనరాజు తెచ్చాడు. ఇద్దరూ చైర్మన్ గారిని గెలిపించినవారే.

"ముందు నేను పోస్తాను. ఏటి, నా వార్డు ఓట్లు తక్కువా?" అన్నాడు అసిరయ్య.

"నువ్వు పోసేక నేను పొయ్యాలా భయ్యా? నాకు ఇజ్జత్ లేదా?" అన్నాడు ధనరాజు.

ఇలాంటి చిక్కులు విప్పడంలో చైర్మన్ గారికి సాటి లేరు. "ఏక్ సాథ్! ఇద్దరూ ఒకేసారి!" అన్నారు.

"వద్దు సార్," అంటూ పుష్పవతి ముందుకు వచ్చింది. అప్పుడే బ్యాండు మోగింది.

రెండు సీసాలూ బోర్లించారు. ట్యాంకు మజ్జిగలా తెల్లబడింది. రాళ్లు కనబడలేదు, చేపలు కనబడలేదు. తెలుపు శాంతికి గుర్తని చెప్పి చైర్మన్ గారు ఫొటో దిగారు.

పుష్పవతి ఎవరినీ అడగలేదు. చేపల్ని ఇంటికి తీసుకెళ్లడానికి తెచ్చుకున్న చిన్న వలను ఆ తెల్లనీళ్లలో ముంచి, తడిమి తడిమి రెండింటినీ పట్టింది. వలతోపాటు తెచ్చుకున్న ఉప్పునీళ్ల బకెట్లో వదిలింది. మొప్పలు కదిలాయి. అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

బకెట్ ఎత్తబోతుంటే చైర్మన్ గారు "రుకియే దీదీ" అని ఆపారు. పారదర్శకత ఆయనకు ప్రాణం. అక్కడికక్కడే విచారణ సంఘం వేశారు. సభ్యులు అసిరయ్య, ధనరాజు. ఈసారి వారి మధ్య భేదాభిప్రాయం రాలేదు. ట్యాంకు ఎవరిదో తప్పు వారిదేనని తేల్చారు.

"చేపలు సాక్ష్యం కదా దీదీ, ఇక్కడే ఉండాలి. కంగారు పడకండి, జీవరాజు గారికి అన్యాయం జరగనివ్వను. సోమవారం ఆయన్నే ఆఫీసుకొచ్చి, తన మాట తాను చెప్పుకుని, సంతకం పెట్టి చేపల్ని పట్టుకెళ్లమనండి."

పుష్పవతి బకెట్‌ను నీళ్లు తొణకకుండా కింద పెట్టింది.

"ఆయన వస్తే ఒక్కసారి ఇంటికి పంపించండి సార్," అంది. "చేపలు మీరే ఉంచుకోండి."