నాలుగో కాలు

ఆ మంగళవారం పొద్దున మల్లికార్జున వేసుకున్న పథకం చాలా చిన్నది. హిందూపురంలో బస్సెక్కాలి. పెనుకొండ దాటాక కార్లకు సీట్లు తయారుచేసే ఫ్యాక్టరీ దగ్గర దిగాలి. స్టోర్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇవ్వాలి. మధ్యాహ్నానికల్లా గదికి తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు దుప్పటి కప్పుకుని పడుకోవాలి. ఈ సంగతి తన యజమాని చంద్రమోహన్‌కు మాత్రం తెలియకూడదు.

చంద్రమోహన్ హిందూపురం బస్టాండు వెనక, ఒక బట్టల కొట్టు మేడ మీద ‘విజయపథం కెరీర్ సెంటర్’ నడుపుతున్నాడు. చదువు పూర్తయి ఉద్యోగం రాని పిల్లలకు అక్కడ ఆత్మవిశ్వాసం నేర్పుతారు. మల్లికార్జున కూడా నేర్చుకోవడానికే చేరాడు. కోర్సు ముగిసింది, ఆత్మవిశ్వాసం కొంత వచ్చింది, ఉద్యోగం రాలేదు. అప్పుడు చంద్రమోహన్ జాలిపడి అతన్ని తన దగ్గరే ‘ట్రైనీ ఎగ్జిక్యూటివ్’గా పెట్టుకున్నాడు. ఆ హోదాలో అతను పొద్దున్నే హాలు ఊడ్చేవాడు, నీళ్ల క్యాన్లు మేడెక్కించేవాడు, ఊళ్లో గోడలకు పోస్టర్లు అంటించేవాడు, క్లాసు మొదలయ్యాక ప్రొజెక్టరు పక్కన నిలబడి బటన్ నొక్కేవాడు.

జీతం మాట ఎత్తితే చంద్రమోహన్ భుజం తట్టేవాడు. “జీతం యెవురైనా ఇస్తారు మల్లీ. నేను నీకు ఎక్స్‌పీరియన్స్ ఇస్తాండా.”

చిక్కల్లా ఆ ఎక్స్‌పీరియన్స్ ఎక్కడా చెల్లకపోవడమే. ఎక్కడికి పోయినా ‘ఈ ఫీల్డులో ఎన్నేళ్ల అనుభవం ఉంది?’ అని అడిగేవాళ్లు. బటన్ నొక్కడం ఏ ఫీల్డు కిందికి వస్తుందో అడిగినవాళ్లకూ తెలియదు, అతనికీ తెలియదు. గుడిబండలో ఉన్న నాయన నాగన్నకు ఈ ఫీల్డుల గొడవే పట్టదు. పోయిన వారం ఫోన్ చేసి ఒక్కటే మాట చెప్పాడు.

“నీ పేరు మీద గొర్రెలు కొన్నా రా. అవి ఎక్స్‌పీరియన్స్ అడగవు. వచ్చెయ్.”

“ఇదొక్కటి చూసొస్తా నాయనా. ఇది కూడా రాలేదంటే వచ్చేస్తా,” అని మాట ఇచ్చేశాడు మల్లికార్జున. నాగన్న మాట మరిచే మనిషి కాడు.

ఇంటర్వ్యూకు ముందురోజు సాయంత్రం కళ్లు నలుపుకుంటూ చంద్రమోహన్ ముందు నిలబడ్డాడు. “సార్, కళ్లకలక వచ్చినట్టుండాది.”

చంద్రమోహన్ గబుక్కున వెనక్కి జరిగాడు. కోప్పడతాడనుకుంటే, ఎందుకో అతని మొహం విప్పారింది. “అయితే రావద్దులేప్పా, పండుకో. నేనూ రేపు ధర్మవరం పోతాండా. మా మరదలి పెండ్లికి పట్టుచీరలు తీయాల. క్లాసులుండవు. ఫోన్లొస్తే రమాదేవి చూసుకుంటాదిలే.” రమాదేవి అంటే రిసెప్షన్‌లో కూర్చునే ఆమె. ఆ సెంటర్లో జీతం తీసుకునేది ఆమె ఒక్కతే. కాబట్టి ఏ ఫోన్ వచ్చినా కాదనకుండా ‘సరే’ అనేది.

పొద్దున్నే బస్టాండులో ఎవరైనా గుర్తుపడతారేమోనని మల్లికార్జున నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, గదిలో స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న టై ముందే ఉన్నాయి. ఆ మూడూ కలిసి మనిషిని పూర్తిగా మార్చేశాయి. బస్సులో కండక్టర్ చిల్లర అడగకుండానే ఇచ్చాడు. మల్లికార్జునకు అప్పుడే అనుమానం రావలసింది.

ఫ్యాక్టరీ గేటు ముందు జాతరలా ఉంది. మడకశిర, కొత్తచెరువు, లేపాక్షి, ఎక్కడెక్కడి పిల్లలో ఫైళ్లు చంకన పెట్టుకుని ఎండలో నిలబడ్డారు. గేటు దగ్గర ఏసుదాసు అనే పెద్దాయన కాపలా ఉన్నాడు. నల్లకళ్లద్దాలను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు.

“యాడినించి సార్?”

అనుభవం ఉందని మొదట్లోనే తెలిస్తే మంచిదనుకున్నాడు మల్లికార్జున. “హిందూపురం. విజయపథం సెంటర్ నుంచి.”

“ఇంతసేపా సార్. మేడమ్ మీకోసమే కాచుకోనుండాది,” అంటూ ఏసుదాసు అందరినీ పక్కకు జరిపి అతన్ని లోపలికి తీసుకుపోయాడు. వెనక ఎండలో నిలబడ్డవాళ్లు దారి ఇచ్చారు. అనుభవానికి ఇంత విలువ ఉందా అని మల్లికార్జునకు కళ్లు చెమర్చాయి.

మేడమ్ పేరు హరిత. ఉద్యోగాలు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆమె పని. కోస్తా వైపు నుంచి వచ్చి కొత్తగా చేరింది. చల్లటి గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించింది.

“నిన్న సాయంత్రం మీ సెంటర్‌కు ఫోన్ చేశానండి. రమాదేవి గారట, మా మనిషి వచ్చేస్తాడు అన్నారు. మీరు వచ్చారు, సంతోషం.”

మల్లికార్జునకు ఎక్కడో తేడా కొట్టింది. “మేడమ్, నేను ఇంటర్వ్యూకని వచ్చినా.”

“అవునండి, ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లతోనే మీరు మాట్లాడాలి.”

“అది కాదు మేడమ్. నా పేరు కూడా మీ దగ్గర...”

“మీ పేరు బ్యానర్ మీద వేయించే టైం లేకపోయిందండి, ఏమీ అనుకోవద్దు,” అంటూ ఆమె తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించింది. “మీ మనసులోనే ఉంచుకోండి. పోస్టులు నాలుగని వేశాం. మూడు మా దగ్గర కాంట్రాక్టులో చేస్తున్నవాళ్లకే అనుకున్నాం. మిగిలింది ఒకటి. పోయినసారి లిస్టు పెట్టగానే కిటికీ అద్దాలు పగలగొట్టారు. అందుకని ఈసారి ముందే ధైర్యం చెప్పించమన్నారు మా పెద్దాయన.”

“ఎవరికి మేడమ్?”

“ఉద్యోగం రానివాళ్లకు. రాదని వాళ్లకు తెలియకముందే.”

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. కానీ ఆ గది చల్లగా ఉంది, టీలో పాలు బాగా పోశారు, పుట్టి బుద్ధెరిగాక అతన్ని ‘అండి’ అన్న మనిషి ఆమే మొదటిది. పైగా ఏం మాట్లాడాలో వెతుక్కోనక్కరలేదు. ప్రొజెక్టరు పక్కన నిలబడి చంద్రమోహన్ ఉపన్యాసం రోజూ విన్నాడు. ఎక్కడ దగ్గాలో కూడా తెలుసు. మాట్లాడేసి, మెల్లగా వరుసలో చేరిపోదామనుకున్నాడు.

ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లను చేర్చిన షెడ్డులో ముందు కొన్ని ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. మిగతావాళ్లందరూ నిలబడ్డారు. సీట్లు తయారుచేసే చోట కూర్చోవడానికి సీట్లు లేకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. మైకు చేతికి రాగానే మల్లికార్జున నోట్లోంచి చంద్రమోహన్ గొంతు వచ్చింది.

“మిత్రులారా, మీరందరూ ఒక కుర్చీ కోసం వచ్చారు. ఆ కుర్చీ బయట లేదు, మీలోనే ఉంది. దానికి నాలుగు కాళ్లు. మొదటి కాలు కోరిక.”

చప్పట్లు పడ్డాయి. హరిత తలూపింది. మల్లికార్జునకు ఉత్సాహం వచ్చింది. “రెండో కాలు కష్టం. మూడో కాలు...”

అప్పుడు చూశాడు. మూడో వరుసలో ఒక పెద్దమనిషి మాస్కు పెట్టుకుని, ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మాస్కు కదులుతోంది. మల్లికార్జున అనబోయే ప్రతి మాటకూ ఒక క్షణం ముందు కదులుతోంది.

“మూడో కాలు ఓర్పు,” అన్నాడు మల్లికార్జున నీరసంగా. మాస్కు అప్పటికే ఆ మాట అనేసింది. “నాలుగో కాలు... నాలుగో కాలు...”

ఆ కాలు ఎంతకీ గుర్తు రాలేదు. షెడ్డంతా ఎదురుచూసింది. మూడో వరుసలో మనిషి కుర్చీలో అటూ ఇటూ కదిలాడు, తల పట్టుకున్నాడు, చివరికి ఉండబట్టలేకపోయాడు.

“నమ్మకం!” అని అరిచాడు.

అందరూ అటు తిరిగారు. ధర్మవరంలో పట్టుచీరలు కొంటూ ఉండవలసిన చంద్రమోహన్, స్టోర్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఫైలు పట్టుకుని, తన ఉపన్యాసం తానే వింటూ కూర్చున్నాడు.

మల్లికార్జున నల్లకళ్లద్దాలు తీశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మల్లికార్జునకు ముందు భయమేసింది, తర్వాత కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఆ నాలుగో కాలు మీద బరువు మోపి బతికాడు. ఆ కాలు చెక్కిన మనిషే ఇక్కడికొచ్చి, తన పోస్టుకే పోటీగా కూర్చున్నాడు. ఇక అతని నోట్లో చంద్రమోహన్ గొంతు నిలవలేదు. గుడిబండ గొంతు బయటికి వచ్చింది.

“కాళ్ల సంగతి ఇడిసిపెట్టండప్పా. ఈడుండేది ఒక్క పోస్టు. దానికి ఎక్స్‌పీరియన్స్ ఉండాల. మనకు ఎక్స్‌పీరియన్స్ యాడినించి వస్తాది? యెవురో ఒకరు పని ఇస్తే కదా వచ్చేది. నేనూ శానా చోట్లకు పోయినా. నిలబెడతారు, మళ్లీ చెప్తామంటారు, చెప్పరు. ధైర్యంగా ఉండండని నేను చెప్పను. పొద్దున్నించి ఏమీ తినకుండా వచ్చింటారు. తిని, ఇంటికి పోయే బస్సు చూసుకోండి. ఉండాలనుకున్నోళ్లు ఉండండి.”

హరిత మొహం తెల్లబోయింది. ఏసుదాసు పరుగున పోయి కిటికీల దగ్గర నిలబడ్డాడు. ముందు వరుసలో కొత్తచెరువు నుంచి వచ్చిన కల్పన అనే అమ్మాయి లేచింది.

“ముందే చెప్పినారు, మేలయింది సార్. అన్ని చోట్లా సాయంత్రం దాకా కూర్చోబెట్టి, అప్పుడు చెప్తారు,” అని ఫైలు సర్దుకుని బయటికి నడిచింది.

ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక మరో నలుగురు. ఎవరూ అరవలేదు. కొందరు వేదిక దగ్గరికొచ్చి మల్లికార్జునకు చెయ్యి కలిపి మరీ పోయారు. కాసేపటికి షెడ్డు ఖాళీ అయింది. మూడో వరుసలో చంద్రమోహన్ ఒక్కడే మిగిలాడు. లేస్తే అందరూ చూస్తారని కూర్చున్నాడో, కాళ్లు రాక కూర్చున్నాడో మాత్రం తెలియదు.

హరిత మల్లికార్జునను మళ్లీ చల్లటి గదిలోకి తీసుకెళ్లింది. తిట్లు పడతాయనుకున్నాడు. ఈసారి టీతో పాటు బిస్కెట్లు వచ్చాయి.

“ఒక్క అద్దం పగల్లేదండి,” అంది ఆమె, ఇంకా నమ్మలేనట్టు. “అంత జనాన్ని అంత మర్యాదగా పంపించడం నేనెక్కడా చూడలేదు. మీరు వాడేది ఏ పద్ధతండి?”

అతను జవాబు వెతుక్కునేలోపే బయట మైకులో పిలుపు వినిపించింది. “మల్లికార్జున, తండ్రి నాగన్న, గుడిబండ.”

మల్లికార్జున సగం లేచాడు.

“కూర్చోండి సార్, మీకెందుకు శ్రమ,” అంది హరిత. “ఎవరో క్యాండిడేటు. మీ మాటలు విని వెళ్లిపోయి ఉంటాడు.”

మళ్లీ పిలిచారు. చేతిలో బిస్కెట్టు విరిగి టీలో పడింది. మూడోసారి పిలిచి, రాలేదని కొట్టేశారు. తన పేరు కొట్టేస్తుంటే సార్ హోదాలో కూర్చుని వినడం అతనికి అదే మొదలు.

కాసేపటికి హరిత ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లి నవ్వుకుంటూ తిరిగొచ్చింది. “మిగిలిన ఆ ఒక్కడినే తీసేసుకున్నారండి. వయసు కొంచెం ఎక్కువే. అయినా మీ ఉపన్యాసం విన్నాక కూడా కదల్లేదంటే ఓర్పున్న మనిషే కదా. ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగితే, ఇన్నాళ్లూ నేను అందరికీ ఇస్తూ వచ్చాను అన్నాడట. మా వాళ్లకు ఆ జవాబు బాగా నచ్చింది.”

తర్వాత ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ధర్మవరంలో వాళ్లకు ఇంకో యూనిట్ ఉంది, వచ్చే వారం అక్కడా సెలెక్షన్లు. దానికీ జనం ఇలాగే వస్తారు. ఇక మీదట ఎక్కడ ఇంటర్వ్యూలు జరిగినా అతనే వచ్చి మాట్లాడాలి. నెల జీతం, క్యాంటీన్ భోజనం, కంపెనీ బస్సు.

“ఈ ఫీల్డులో మీకు ఎన్నాళ్ల అనుభవమండి?” అని అడిగింది, రాసుకోవడానికి.

“డిగ్రీ అయినప్పటినించి మేడమ్,” అన్నాడు మల్లికార్జున. అతను చెప్పిన జవాబుల్లో పూర్తిగా నిజమైనది అదొక్కటే.

బయట బస్టాపులో చంద్రమోహన్ మాస్కు తీసి చెమట తుడుచుకుంటున్నాడు.

“కళ్లకలక తగ్గినట్టుండాదే,” అన్నాడు చంద్రమోహన్.

“చీరలు బాగుండాయా సార్?”

చంద్రమోహన్ నవ్వబోయి మానేశాడు. “నాకు ముందునించీ ఉద్యోగమంటే ఆశ మల్లీ. యెవురూ ఇయ్యలేదు. అందుకే సెంటర్ పెట్టినా. నువ్వు చెప్పినావే, నిలబెడతారని, అదంతా నాకూ జరిగినదే. కానీ దాన్ని నేను ఎప్పుడూ క్లాసులో చెప్పలే.” మాస్కు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఈడ నువ్వు పెద్దోళ్ల గదిలో కూర్చుంటావంట. అందరి ముందరా నన్ను సార్ అనొద్దు. నేనే నిన్ను అనాల.”

“ఎవురూ లేనప్పుడు అంటాలే సార్,” అన్నాడు మల్లికార్జున. అతనికి కోపం పోయింది. అది ఎప్పుడు పోయిందో మాత్రం గమనించలేదు.

బస్సు పెనుకొండ దాటుతుండగా నాయన ఫోన్ చేశాడు. వెనక గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

“ఏమైందిరా?”

“ఉద్యోగం వచ్చింది నాయనా.”

అవతల నాగన్న గొర్రెలను అదిలించాడు. గొర్రెలు మాత్రం అరుస్తూనే ఉన్నాయి. “ఏం పని?”

మల్లికార్జున పక్కన కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న చంద్రమోహన్‌ను చూసి, గొంతు తగ్గించాడు. “ఉద్యోగానికని వచ్చినోళ్లకు ఉద్యోగం లేదని చెప్పి పంపించే పని.”

నాగన్న బాగా ఆలోచించి అడిగాడు. “అయితే గవర్నమెంటుదేనా?”