తడిసిన నెపోలియన్లు

చరిత్రలో అందరికన్నా గొప్ప సేనాపతి ఎవరన్న చర్చ వాట్సాప్‌లో జరగని ఊరు అసలు ఊరే కాదు!

కోరుట్ల దగ్గర మా ఊరి వడ్ల కొనుగోలు సెంటర్ గ్రూపులో ఈ చర్చ పన్నెండు రోజులు నడిచింది. ఎవరి వడ్లు ఎప్పుడు తూకానికి వస్తాయో చెప్పుకోవడానికి పెట్టిన గ్రూపట అది. వడ్లు సెంటర్ ముందు రోడ్డు మీద వాటంతటవే ఆరుతుంటే మెదడుకూ కాస్త పని ఉండొద్దా? అడ్మిన్‌గా ఆ పని కల్పించిన ఘనత నాదే.

పాత పటేలు ఇంటి మాధవ రావుది నెపోలియన్ పక్షం. ట్రాక్టర్ మెకానిక్ లతీఫుద్దీన్‌ది ఏనుగులను ఆల్ప్స్ కొండలెక్కించిన హానిబాల్ పక్షం. అదెలా సాధ్యమో చూపిస్తానని సత్తయ్య తన వడ్లనే ఆల్ప్స్‌లా పేర్చి, ఏనుగులు దొరక్క మేకలను ఎక్కించాడు. అవి సగం ఆల్ప్స్‌ను తినేశాయి. ఇంత చదువు ఏ బడిలో దొరుకుతుంది?

పోయిన శుక్రవారం సాయంత్రం వాదన ముదిరింది.

"వాటర్లూల నెపోలియన్ వాన వల్లనే ఓడిండు" అని మాధవ రావు వాయిస్ మెసేజ్.

"మొగులు చూడకుంట లడాయికి పోయినోడు గాయనేం సేనాపతి, పటేలా?" అని లతీఫుద్దీన్.

సరిగ్గా అప్పుడే, సెంటర్‌లో నా పక్కనే వడ్లు పోసుకున్న చంద్రవ్వ మెసేజ్ వచ్చింది. "అన్నా, పడమటి దిక్కు మొగులైంది. కుప్పల మీద పరదాలు గుంజుండ్రి."

చర్చకు సంబంధం లేని విషయం కాబట్టి డిలీట్ చేశాను. మళ్లీ పంపింది. గ్రూపులోంచే తీసేశాను. క్రమశిక్షణ లేని సైన్యం ఏ యుద్ధం గెలిచింది?

గంటలో వాన దంచికొట్టింది. చంద్రవ్వ, ఆమె కోడలు అప్పటికే తమ కుప్పను కప్పేసుకున్నారు. నా వడ్లు, మాధవ రావు వడ్లు నీళ్లలో తేలాయి.

నేనేం అధైర్యపడలేదు. వాటర్లూలో నెపోలియన్ నేల ఆరేదాకా ఆగాడట. నేనూ ఆగాను. ఐదో రోజుకు వడ్లు మొలకెత్తాయి. నాలుగు నెలల కష్టం అలా పచ్చగా లేచింది.

నిన్న తూకం వేసే శ్రీధర్ నా వడ్లు గుప్పిట్లోకి తీసుకుని చూసి, పక్కకు పెట్టుకోమన్నాడు. చంద్రవ్వ బస్తాలు లారీ ఎక్కుతున్నాయి.

"ఎవలు గొప్పోడో తేలిందా, అన్నా?" అని అడిగింది.

"ఇంక తేలలే, చెల్లె" అన్నాను. నిజానికి తేలిపోయింది.

మొగులు, వాన కబుర్లకు ఆమె వేరే గ్రూపు పెట్టిందని తెలిసి, నన్నూ చేర్చుకోమని అడిగాను.

"చేర్చుకుంట గని," అంది, "గా గ్రూపుల నెపోలియన్ ముచ్చట తీస్తే డిలీట్ చేస్త."