కరెంటు లేని ఇంటికి బడ్జెట్ పాఠం

కష్టాల్లో ఉన్నవాళ్ళకు డబ్బు సాయం చేయడమంత పాపం ఇంకోటి లేదు! డబ్బిస్తే ఏమవుతుంది? ఖర్చయిపోతుంది. అదే పాఠం చెబితే? ఎంత ఆకలేసినా పాఠం పాఠంలాగే ఉంటుంది. ఎవరూ తినలేరు కదా!

ఈ మహాసత్యం ఒక సహాయ కేంద్రం డైరెక్టరు గారికి సోమవారం పొద్దున్నే లిఫ్టులో తట్టింది. రెండో అంతస్తు చేరేలోపే నిర్ణయం అయిపోయింది. కేంద్రంలోని పద్నాలుగు మందీ ఫైనాన్షియల్ లిటరసీ కోర్సు చదవాలి. చదివింది చదివినట్టు సాయం కోసం వచ్చేవాళ్ళ బుర్రకెక్కించాలి. చివర్లో పరీక్ష. ఫెయిలైతే ఇంక్రిమెంటు కట్!

ఆ పద్నాలుగు మందిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఒకావిడ ఉంది. వచ్చినవాళ్ళ గోడు వినడం, దరఖాస్తులు నింపడం, పదకొండేళ్ళుగా అదే ఆవిడ పని. ఎదుటివాళ్ళు ఎంతసేపు ఏడ్చినా గడియారం వైపు చూడదు. అందుకే అందరూ ఓపికమ్మ అంటారు.

ఓపికమ్మ శ్రద్ధగా చదివింది. సిటీ బస్సులో ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో పుస్తకం. వంటింట్లో ఒక కన్ను పొయ్యి మీద, ఇంకో కన్ను పుస్తకం మీద. అత్తగారు చూసి చూసి అడిగింది.

"ఏమిటే అంతలా చదువుతున్నావు?"

"డబ్బు ఎలా దాచాలో అత్తయ్యా."

"దాచడం నాకూ వచ్చులే. దాచేందుకు ఎక్కడ దొరుకుతుందో రాసుంటే, ఆ పేజీ వచ్చినప్పుడు పిలువు!"

అత్తగారికి చదువు విలువ ఏం తెలుసు? వచ్చినవాళ్ళకు మాత్రం పాఠాలు ఎంత మేలు చేశాయో చూడండి! ఉద్యోగం పోయిన వాచ్‌మన్‌కు ఓపికమ్మ మొదటి పాఠం చెప్పింది. హోటల్ భోజనం మానేస్తే నెల తిరిగేసరికి బోలెడు మిగులుతుందంది. వాచ్‌మన్ ముఖం వెలిగిపోయింది.

"నేను మానేసి ఇరవయ్యేళ్ళయిందమ్మా! ఆ మిగిలిందంతా ఏ కౌంటర్లో ఇస్తారు?"

రెండో పాఠం ప్రతి ఖర్చూ రాసుకోమంటుంది. ఒక మేస్త్రీ వారం తర్వాత నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. 'సోమవారం: ఏమీ లేదు. మంగళవారం: ఏమీ లేదు. బుధవారం: ఇది రాయడానికి పెన్ను.' చూశారా, కోర్సు రాకముందు ఆయనకు ఆ ఒక్క ఖర్చు కూడా లేదు!

తర్వాత ఇస్త్రీ చేసే ఆవిడ వచ్చింది. ఇద్దరు పిల్లలు, ఒక గది, ఒక కరెంటు ఇస్త్రీపెట్టె. రెండు నెలల బిల్లు కట్టలేదని కనెక్షన్ పీకేశారు. కరెంటుంటే గానీ ఇస్త్రీ లేదు, ఇస్త్రీ చేస్తే గానీ కరెంటు రాదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే!

ఓపికమ్మ ఎప్పటిలాగే అత్యవసర సాయానికి దరఖాస్తు నింపి పైకి పంపింది. గంటలో తిరిగొచ్చింది. 'నిధులు లేవు. బదులుగా నాలుగో పాఠం చెప్పండి.'

నాలుగో పాఠమంటే, ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ పక్కన పెట్టుకోవాలి! రూలు రూలే కాబట్టి ఓపికమ్మ చెప్పింది. ఇస్త్రీ ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ చివరిదాకా విన్నది.

"అంత ఉంటే మీ దగ్గరికి ఎందుకొస్తానమ్మా?" అని లేచి వెళ్ళిపోయింది.

పదకొండేళ్ళలో మొదటిసారి ఓపికమ్మ గడియారం వైపు చూసింది. ఎదురుగా ఖాళీ అయిన కుర్చీ వైపు చూడలేక.

ఆ వారమే తొమ్మిదో పాఠం వచ్చింది. 'ఏ సంస్థ లెక్కలైనా చదవడం ఎలా?' కింద అభ్యాసం కూడా ఉంది: 'దగ్గర్లో ఉన్న ఏదైనా సంస్థ లెక్కలు తీసుకోండి.' ఓపికమ్మ దూరం పోలేదు. నోటీసు బోర్డు మీద సొంత కేంద్రం అర్ధ సంవత్సరపు లెక్కలున్నాయి. ఎవరూ చదవరన్న ధైర్యంతో అంటించిన కాగితం. అత్యవసర సాయం: సున్నా. శిక్షణ: నిరుడు ఇదే ఆరు నెలల్లో అత్యవసర సాయానికి ఎంతో అంతే, పైసా తేడా లేదు!

నెలవారీ మీటింగులో ఓపికమ్మ లేచింది. కేంద్రాన్ని నడిపే కమిటీ అధ్యక్షురాలు కూడా ఆరోజు వచ్చి కూర్చుంది.

"సార్, కరెంటు బిల్లులకీ అద్దెలకీ ఉన్న డబ్బు మా చదువుకి ఎలా పోయింది?"

డైరెక్టరు గారు నవ్వు అతికించుకున్నారు. "ఇలాంటి ప్రశ్నలు మీకెవరు నేర్పారమ్మా?"

"మీరే సార్. తొమ్మిదో పాఠం."

వెనక వరసలోంచి కోర్సు చెప్పే ట్రైనరు చప్పట్లు కొట్టాడు. పాపం, నిజంగానే పొంగిపోయాడు. "వెరీ గుడ్! ఈ అభ్యాసం చేసింది మీరొక్కరే మేడమ్!"

అధ్యక్షురాలు కళ్ళజోడు పెట్టుకుని "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి" అంది.

కోర్సు రెండో విడత ఆగిపోయింది. దానికని తీసిపెట్టిన డబ్బు తిరిగి సాయం పద్దులో పడింది. నాలుగు రోజుల్లో ఇస్త్రీ ఆవిడ గదిలో బల్బు వెలిగింది. ఆ సాయంత్రం ఓపికమ్మ తన బట్టల మూట పట్టుకెళ్ళి, వరసలో మూడోదానిగా నిలబడింది.

డైరెక్టరు గారు కూడా ఊరికే కూర్చోలేదు. కోర్సు పుస్తకం రెండో ముద్రణ తెచ్చారు. అందులో తొమ్మిదో పాఠం తీసేసి, 'ఉన్నదాంతో తృప్తి' అని కొత్తది చేర్చారు. అందులో లెక్కలుండవు. అన్నీ బొమ్మలే!