చంకలో పాప, చేతిలో సుల్తాన్

చంకలో బిడ్డ, చేతిలో కుక్క గొలుసు. పెళ్ళయిన ఆడదానికి ఇంతకు మించిన వరం ఈ లోకంలో లేదు!

నవ్వకండి. పట్నాల్లో ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి జిమ్ములకు పోతున్నారు. ఒక చేత్తో బరువెత్తి, ఇంకో చేత్తో తాడు లాగి, చెమటలు కార్చుకుంటూ అద్దంలో చూసుకుంటున్నారు. ఎందుకా శ్రమ? తొమ్మిది నెలల పాపను ఎడమ చంకనెత్తుకుని, ల్యాబ్రడార్ కుక్కను కుడి చేత్తో పట్టుకుని, అనంతపురం ఎండలో ఒక కిలోమీటరు నడిచి చూడండి. ఎడమ భుజానికి బరువు, కుడి భుజానికి లాగుడు, నడుముకు రెండూ! ఏ ట్రైనరు ఇంత బాగా కుదర్చగలడు?

టైమ్ మేనేజ్‌మెంట్ అని కాలేజీల్లో సెమినార్లు పెడుతున్నారు కదా. పాప పాలకు ఏడ్చే సమయం, డైపరు నిండే సమయం, కుక్కకు కరెంటు స్తంభం కనబడే సమయం, మూడింటినీ ముందే ఊహించి గడప దాటే మనిషి ముందు ఆ సెమినార్లు ఏపాటి?

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని మన పెద్దలు ఎగతాళి చేశారు. ఆ సామెత కట్టిన పెద్దమనిషి రెండో చేతిలో కుక్క గొలుసు ఉండి ఉండదు. ఉండుంటే చంకలో ఏముందో ఒక్క క్షణం కూడా మరిచేవాడు కాదు.

ఈ వరం పొందిన ధన్యురాలి పేరు పద్మప్రియ. ఊరి పేరెందుకు, బత్తలపల్లికి దగ్గరే అనుకోండి. ఇంట్లో ఆమె, భర్త ప్రవీణ్, మామ బయ్యన్న, అత్త సుబ్బలక్ష్మమ్మ. నలుగురు పెద్దవాళ్ళు, ఎనిమిది చేతులు, ఒక పాప. ఇంత సుఖంగా ఉంటే ఎట్లా అని ప్రవీణ్ పాపకు మూడో నెల రాగానే ఒక కుక్కపిల్లను తెచ్చి సుల్తాన్ అని పేరు పెట్టాడు.

"పాపకు తోడుగా ఉంటాది. దాని బాగోగులన్నీ నేనే సూసుకుంటా," అన్నాడు.

చూసుకున్నాడు కూడా. వారం రోజులు సుల్తాన్ ఆయన వాట్సాప్ స్టేటస్‌లో ఉన్నాడు. మిగతా సమయమంతా పద్మప్రియ కాళ్ళ దగ్గర ఉన్నాడు.

ఇప్పుడు సుల్తాన్‌కు ఎనిమిది నెలలు. చెప్పులు నాలుగు జతలు, రిమోట్ ఒకటి, బయ్యన్న పార్టీ కండువా ఒకటి నమిలి ఇంతవాడయ్యాడు. కుక్క సంగతి సరే, పద్మప్రియకు దాని మీద ప్రేమెందుకో చెప్పాలి. ఆ ఇంట్లో ఆమె పిలిస్తే లేచి వచ్చే ప్రాణి అదొక్కటే. మిగతావాళ్ళు "ఆఁ" అంటారు.

అట్లాంటి సుల్తాన్ మెడ మీదికి మొన్న కత్తి వచ్చింది. ఊళ్ళో ఒక పిచ్చికుక్క తిరిగి రెండు దూడల్ని కరిచింది. బయ్యన్న ఊరి తగాదాలు తీర్చే పెద్దమనిషి. పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంటి తగాదా కూడా తీర్చేశాడు.

"ఈ పొద్దు మధ్యాన్నంలోపల కుక్కకు సూది ఏపించి కార్డు సూపించండి. లేకుంటే సాయంత్రం బండికి విడపనకల్లులో ఉండే మన తోటకు పంపిస్తా. ఆడ కట్టేసుకుంటారు."

తీర్పయితే చెప్పాడు గానీ, సూది ఎవరు వేయించాలో చెప్పలేదు. పెద్ద తీర్పుల్లో అట్లాంటి చిన్న విషయాలు ఉండవు.

పద్మప్రియ భర్త దగ్గరికి పోయింది. ప్రవీణ్ వెంచర్ల వ్యాపారం చేస్తాడు. గార్లదిన్నె దిక్కు ఉన్న ప్లాట్లన్నీ ఆయన ఫోన్‌లోనే ఉంటాయి.

"బావా, పాపనన్నా ఎత్తుకో, కుక్కనన్నా తీసుకపో. రెండూ నాతో కాదు."

ప్రవీణ్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "కాల్‌లో ఉండా, కనపడల్యా?" అన్నాడు.

కనపడింది. అత్త దగ్గరికి పోతే, "నా మోకాళ్ళ సంగతి నీకు తెల్దా? పాప నీ చేతిలో అయితేనే కుదురుగా ఉంటాది," అంది. ఇది మెచ్చుకోలు! కోడలిని అత్త మెచ్చుకోవడం ఎంత అరుదో మీకు చెప్పనక్కరలేదు. మామ అప్పటికే ఎవరిదో పొలం గట్టు తగాదా తీర్చడానికి టీ అంగడికి పోయాడు.

కాబట్టి పది గంటలకు పద్మప్రియ బయలుదేరింది. భుజాన సంచి. అందులో పాలసీసా, రెండు డైపర్లు, పాపకు బిస్కెట్లు, సుల్తాన్‌కు బిస్కెట్లు.

ఆటో ఆపింది. డ్రైవరు ముగ్గురినీ చూశాడు.

"పాపనైతే ఎక్కించుకుంటాక్కా. కుక్క ఎక్కిందంటే రేపట్నుంచి దీంట్లో ఎవురూ కూర్చోరు."

"అయితే పాపనొక్కదాన్నే తీసుకపోతావా?" అంది పద్మప్రియ.

అతను కాసేపు నిజంగానే ఆలోచించి, ఆటో పోనిచ్చుకున్నాడు. ఆమె నడిచింది.

ఇక్కడ ఈ వరంలోని ఇంకో గొప్పతనం చెప్పాలి. ఉచిత సలహాలు! ఉత్త చేతులతో రోడ్డు మీద పోయే మనిషిని ఎవరు పలకరిస్తారు? పద్మప్రియను మాత్రం ఊరు ఊరంతా పలకరించింది. కుక్క వెంట్రుకలు నోట్లోకి పోతే పాపకు ఆయాసం వస్తుందని బొరుగులమ్మే ఓబమ్మ చెప్పింది. పాప నెత్తికి టోపీ పెట్టాల్సిందని ఒకరు, ఇంత ఎండలో బిడ్డను బయటికి తేవడమేమిటని ఇంకొకరు. కుక్కకు చెప్పులు లేవు, కాళ్ళు కాలుతున్నాయని మెడికల్ షాపు ముందు కూర్చున్న పెద్దాయన బాధపడ్డాడు. అందరి నోళ్ళూ పనిచేశాయి. చేతులు మాత్రం ఎవరి ఒళ్ళో వాళ్ళకు భద్రంగా ఉన్నాయి.

పశువుల ఆస్పత్రి చేరేసరికి పదకొండున్నర. గేటు దగ్గరే సుల్తాన్ కాళ్ళు నేలకు తన్నిపెట్టి నిలబడ్డాడు. లోపల నేల కనబడటం లేదు. అన్నీ గొర్రెలే!

ఆ రోజు గొర్రెలకు కడుపులో పురుగులు పోయేందుకు నట్టల మందు తాగించే రోజు. చుట్టుపక్కల పల్లెల మందలన్నీ అక్కడే ఉన్నాయి. కాంపౌండరు మందు పంపు చేతబట్టుకుని, దొరికిన గొర్రె నోట్లోకి ఒక్క నొక్కు నొక్కి వదులుతున్నాడు. పక్కనే నీలం రంగు డబ్బా. మందు తాగిన గొర్రె నొసటన కాపరి ఒక రంగు పట్టీ పూయాలి. లేకపోతే తాగినదే మళ్ళీ తాగుతుంది, తాగనిది ఎగ్గొట్టి ఇంటికి పోతుంది.

పేరుకు సుల్తాన్, గొర్రెల్ని చూసి పద్మప్రియ చీర కుచ్చిళ్ళలో తల దాచుకున్నాడు. ఆమె ఒక చేత్తో పాపను, ఒక చేత్తో చీరను, ఒక చేత్తో సుల్తాన్‌ను పట్టుకుని డాక్టరు టేబులు దాకా పోయింది. చేతులు లెక్కపెట్టకండి, తల్లులకు అట్లా సరిపోతాయి.

డాక్టరు కుర్రవాడు, మంచివాడు. సూదిమందు సిద్ధం చేసి, "కుక్కను నువ్వే పట్టుకోవాలమ్మా. కొత్తోళ్ళు పట్టుకుంటే కరుస్తాది. రెండు చేతులతో తల అదిమి పట్టుకో," అన్నాడు.

"పాప ఉండాది సార్."

"ఎవురికన్నా ఇచ్చి రా. పన్నెండుకు నేను క్యాంపుకు పోవాల."

ఎవరికన్నా ఇచ్చి రా! ఎంత తేలికైన మాట! పద్మప్రియ చుట్టూ చూసింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు. ఆమె చూపు తగలగానే రెండడుగులు వెనక్కి వేసి, "మాకు అలవాటు లేదమ్మా," అన్నాడు. గోడ మీద గడియారంలో పన్నెండుకు పది నిమిషాలుంది. సాయంత్రం బండి ఎక్కబోయే సుల్తాన్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. 

"ఇట్లా తా తల్లీ."

డెబ్బై ఏళ్ళు దాటిన ముసలాయన. పేరు తిప్పేస్వామి, ఎనభై గొర్రెల కాపరి. కంబళి మడతలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల. దాన్ని కింద పెట్టి, ఆమె ఇచ్చేదాకా ఆగకుండా పాపను అందుకున్నాడు. గొర్రెపిల్లను పట్టినట్టే కడుపు కింద చెయ్యేసి, అదే కంబళిలో ఎండ తగలకుండా చుట్టేశాడు. నొసలు, కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. పాప కిక్కురుమనలేదు.

పద్మప్రియ సుల్తాన్ మీద వంగి రెండు చేతులతో అదిమి పట్టింది. సూది పడింది. కుయ్యోమన్నాడు. డాక్టరు కార్డు తీసి, "యజమాని పేరు?" అన్నాడు.

"ప్రవీణ్," అని అలవాటు కొద్దీ చెప్పి, కార్డు తీసుకుని వెనక్కి తిరిగింది.

కంబళిలో పాప నొసటన నీలం పట్టీ. పెదవుల చుట్టూ తడి.

పద్మప్రియ గిరుక్కున తిరిగింది. కాంపౌండరు పంపు పట్టుకుని పక్కనే ఉన్నాడు.

"పాపకు మందు తాపినావా?"

కాంపౌండరు తలెత్తి పాపను చూశాడు. పంపును చూశాడు. మొహం పాలిపోయింది.

"లేదక్కా. తాపింటానా? రెండు నూర్లు దాటినాక నాకు గుర్తుండదు."

"వాడు తాపల్యా తల్లీ," అన్నాడు తిప్పేస్వామి, తొందర లేకుండా. "వాడు తలెత్తి సూడడు. నోరు తెరిసిందల్లా వానికి గొర్రెనే. పాప ఆవలిస్తాండ్య. ఈడ నా కంబళిలో ఉండాదంటే వాడు ఇడుస్తాడా? అందుకే ముందుగానే రంగు పూసినా. రంగు కనపడితే ముట్టడు."

"నోరు తడిగా ఉండాది తాతా."

"పండ్లొస్తాండాయి గదమ్మా, కంబళి కొరుకుతాండాది. కొరకనీ."

పద్మప్రియ పాప నోరు వాసన చూసింది. కంబళి వాసన, పాల వాసన, ఇంకేమీ లేదు. అప్పుడు నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. ఈ తొమ్మిది నెలల్లో, ఫోటో కోసం కాకుండా ఆమె చేతిలోంచి బిడ్డను అందుకున్న మగమనిషి ఈయనొక్కడే. పాపను మళ్ళీ చంకకెత్తుకుని, పాప బిస్కెట్ల పొట్లం ఆయన చేతిలో పెట్టి వచ్చేసింది.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట. కార్డు చూపించింది. ఎవరూ చూడలేదు. అందరూ పాప నొసలే చూశారు.

ఏం కదలిక! మోకాళ్ళు పట్టుకున్న అత్త లేచి సబ్బూ నీళ్ళూ తెచ్చింది. రుద్దినా రంగు పోలేదు. మామ కండువా దులిపి నిలబడ్డాడు.

"సంతలో గొర్రెకు పూసినట్టు నా మనవరాలికి రంగు పూస్తారా? ఎవుడు వాడు? పేరు చెప్పు, నేను కనుక్కుంటా."

ప్రవీణ్ ఫోన్ పెట్టేశాడు. నిజంగా పెట్టేశాడు!

"బిడ్డను ఎవురికిచ్చినావే నువ్వు?"

పద్మప్రియ పాపను చాప మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పింది.

"తిప్పేస్వామి అని ఒక తాత. ఎనభై గొర్రెల్ని మేపుతాడు. అయినా ఒక చెయ్యి ఖాళీ చేసుకోని పాపను ఎత్తుకున్యాడు. ఈడ ఇన్ని చేతులుండాయి, పొద్దున యాడ పోయినాయి?"

బయ్యన్న ఎన్నో తగాదాలు తీర్చాడు గానీ, దీనికి మాత్రం కండువా సర్దుకున్నాడు. సుబ్బలక్ష్మమ్మ పాప నొసలు తుడవడం ఆపేసి కోడలి మొహంలోకి చూసింది. లోపలికి పోయి అన్నం పెట్టుకొచ్చింది.

"అడిగింటే నేను రానా?" అన్నాడు ప్రవీణ్.

ఈ మాట కూడా ఒక వరమే. దీన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు, అరగదు.  పద్మప్రియ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"యజమాని పేరు నీదే రాసినారు బావా. వచ్చే నెల పదకొండున రెండో సూదికి రమ్మన్నారు. ఇప్పుడు అడుగుతాండా. నువ్వు తీసుకపో."

ఇక్కడే మన వాదం గెలిచింది! ఇంత గొప్ప వరాన్ని ఒక్కతే అనుభవించడం న్యాయం కాదని, మనం చెప్పకుండానే ఆమెకు తోచింది. మగవాళ్ళను జిమ్ముకు, సెమినారుకు, సలహాలకు దూరంగా ఉంచి ఇన్నాళ్ళూ ఎంత అన్యాయం చేశాం!

ప్రవీణ్ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. పదకొండో తారీఖు ఏ వారమో ఫోన్‌లో చూసుకున్నాడు. సరేనని తలూపాడు. మనిషి చెడ్డవాడు కాదు. తర్వాత ఏదో అనుమానం వచ్చినట్టు చాప మీదున్న బిడ్డ వైపు చూసి అడిగాడు.

"పాపను గూడా తీసుకపోవాల్నా?"

చూశారా, ఆయనకు కుక్కను ఆస్పత్రికి తీసుకుపోవడం ఒక పని, బిడ్డను చూసుకోవడం ఇంకొక పని. ఆ రెండూ కలిపి ఒకే పని అని పద్మప్రియకు ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, ఆ ఇంట్లో ఎవరినడిగినా గుర్తు లేదంటున్నారు.